గిటారు ఎటు పోయింది?

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి ఒక పాట పాడి, తనే గిటారు వాయించి, రికార్డు చేసి తెనాలిలో ఉన్న నాయనమ్మకు పంపింది. ఇక్కడ హెడ్‌ఫోన్లో వింటే గిటారు గదంతా పరుచుకున్నట్టుంది. అమ్మ ఫోన్ చేసి, "పాట బాగుందే తల్లీ, గిటారు వాయించానన్నావు, అదేదీ?" అంది. పిల్ల మొహం చిన్నబోయింది. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతికే నాకు ఆ రాత్రి పని దొరికింది.

పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకండులో వెయ్యోవంతు కూడా ఉండదు. అయినా మెదడు దాన్ని పట్టుకుని దిక్కు చెబుతుంది. ఎలక్ట్రిక్ గిటారు నుంచి వచ్చేది ఒకే సిగ్నల్. రెండు చెవులకూ అదే ఇస్తే శబ్దం సరిగ్గా తల మధ్యలో కూర్చుంటుంది. వెడల్పు కావాలంటే కుడిఎడమలకి తేడా కల్పించాలి.

అందుకు దారులు చాలా ఉన్నాయి. ఒకవైపు పది, ఇరవై మిల్లీసెకండ్లు ఆలస్యం చేస్తే ప్రతిధ్వనిలా కాక ఒకే శబ్దంలా, ముందు వచ్చిన వైపు నుంచి వినిపిస్తుంది. జర్మనీలో హెల్ముట్ హాస్ 1949లో దీన్ని పరిశోధించి చూపాడు. 1975లో వచ్చిన రోలాండ్ జేసీ-120 యాంప్లిఫయరులో ఒక స్పీకరు మామూలు శబ్దాన్నీ, రెండోది కొంచెం ఊగే శ్రుతినీ ఇస్తాయి. రెండూ గది గాలిలో కలుస్తాయి. అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా ప్రమాదం, ఒకవైపు అలను తలకిందులు చేయడం.

మా అమ్మాయి వాడిన ఎఫెక్టు చేసింది ఇదే. అమ్మ ఫోనుకి ఒకటే స్పీకరు. అది కుడిఎడమలను కూడుతుంది. అయిదుకి మైనస్ అయిదు కలిపితే సున్నా! గొంతు రెండువైపులా ఒకేలా ఉంది కాబట్టి నిలిచింది, గిటారు మాయమైంది. ఆలస్యం పద్ధతిలోనూ కొంత నష్టం తప్పదు. పది మిల్లీసెకండ్ల తేడా ఉన్న రెండింటినీ కూడితే 150, 250, 350 హెర్ట్జ్ వంటి చోట్ల, దువ్వెన పళ్ళ సందుల్లా, శబ్దం పడిపోతుంది.

నమ్మకమైన మార్గం పాతదే: రెండుసార్లు వాయించి చెరోవైపూ పెట్టడం. ఏ చెయ్యీ రెండుసార్లు అచ్చం ఒకేలా మీటదు. అందుకే వెడల్పు వస్తుంది, కూడినా పోదు. అమ్మాయి మళ్ళీ కూర్చుని వాయించింది. ఈసారి పంపేముందు మోనోలో కూడా విన్నాం.

అమ్మ ఫోన్ వచ్చింది. "ఇప్పుడు వినపడుతోందే. రెండో చరణంలో తడబడ్డావేం?"

పిల్ల మొహం వెలిగిపోయింది.