ఇన్సెయి: గద్దె దిగిన చక్రవర్తుల ఏలుబడిపై అపోహలు – వాస్తవాలు

జపాన్ చరిత్రలో 11వ శతాబ్దం చివరి నుంచి దాదాపు రెండున్నర శతాబ్దాల పాటు ఒక విలక్షణమైన పాలనా పద్ధతి నడిచింది. సింహాసనం మీద ఒక చక్రవర్తి ఉంటాడు. నిర్ణయాలు మాత్రం గద్దె దిగిన అతని తండ్రో తాతో తీసుకుంటాడు. దీనినే ఇన్సెయి అంటారు. 1086లో షిరకావా చక్రవర్తి తన కొడుకుకు పట్టం కట్టడంతో ఇది మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 1129లో చనిపోయేదాకా షిరకావా, 1156 దాకా అతని మనుమడు టోబా, 1192 దాకా టోబా కొడుకు గో-షిరకావా ఈ పద్ధతిని నడిపిన ముఖ్యులు. రాజధాని హెయాన్-క్యో, అంటే నేటి క్యోటో. వీరంతా ఏదో ఒక దశలో తల గొరిగించుకుని బౌద్ధ దీక్ష తీసుకోవడం వల్ల, అదే కాలంలో సమురాయ్‌లు బలపడడం వల్ల ఈ యుగం చుట్టూ చాలా అపోహలు పేరుకున్నాయి. వాటన్నిటికీ మూలమైన పొరపాటు ఒక్కటే: ఈ అధికారానికి పునాది మతమనో, కుట్ర అనో అనుకోవడం. నిజానికి దాని పునాది కుటుంబం. తండ్రికి కొడుకుపై ఉండే పెత్తనం, వారసుణ్ణి ఎంచే హక్కు, ఆ ఇంటి ఆస్తి, ఈ మూడే దాని బలం.

అపోహ: ఇది మఠంలో కూర్చున్న సన్యాసుల పాలన

దీక్ష వల్ల అధికారం రాలేదని తేదీలే చెబుతాయి. షిరకావా గద్దె దిగింది 1086లో; తల గొరిగించుకున్నది 1096లో, ప్రాణంగా చూసుకున్న కూతురు తెయిషి చనిపోయిన దుఃఖంలో. టోబా 1141లో, గో-షిరకావా 1169లో దీక్ష తీసుకున్నారు. అప్పటికి ఇద్దరూ ఏళ్ల తరబడి రాజ్యవ్యవహారాలు నడుపుతూనే ఉన్నారు. గో-షిరకావా మనుమడు గో-టోబా విషయం ఇంకా స్పష్టం. 1198 నుంచి 1221 దాకా దీక్ష లేకుండానే చక్రం తిప్పాడు. యుద్ధంలో ఓడి దీవికి ప్రవాసం పోయే ముందు మాత్రమే తల గొరిగించుకున్నాడు. అతని విషయంలో దీక్ష పాలనకు ఆరంభం కాదు, ముగింపు.

వీరి నివాసాలు మఠాలు కావు, మహా భవనాలు. రాజధానికి దక్షిణాన షిరకావా కట్టించిన టోబా విహార భవనంలో పెద్ద చెరువు, తోటలు, బుద్ధ మందిరాలు ఉండేవి. కవి సమ్మేళనాలు, గుర్రపు పందేలు, పడవ షికార్లు అక్కడ మామూలే. గద్దె దిగడం వల్ల దొరికిన పెద్ద వరం స్వేచ్ఛ. సింహాసనం మీద ఉన్న చక్రవర్తి ఏడాది పొడవునా క్రతువులకు కట్టుబడి ఉండాలి, మైల సోకకుండా చూసుకోవాలి, రాజధాని దాటి దూరయాత్ర చేయడమంటే దాదాపు అసాధ్యం. గద్దె దిగినవారికి ఈ బంధనాలు లేవు. కీ ద్వీపకల్పపు కొండల్లో ఉన్న కుమనో పుణ్యక్షేత్రానికి షిరకావా 9 సార్లు, టోబా 21 సార్లు, గో-షిరకావా 34 సార్లు, గో-టోబా 28 సార్లు వెళ్లినట్లు లెక్కిస్తారు. పోయి రావడానికి ఒక్కోసారి నెల దాకా పట్టే ప్రయాణం అది.

గో-షిరకావా జీవితం మఠవాసపు ఊహకు మరీ దూరం. అతనికి ఇమయో అనే జనరంజక పాటల పిచ్చి. ఆ పాటలు పాడేది ఎక్కువగా వీధి గాయనులు, వేశ్యలు, సంచార వినోదకారిణులు. రాజకుమారుడుగా ఉన్న రోజుల నుంచీ రాత్రింబవళ్లు సాధన చేసి, గొంతు వాచి నీళ్లు మింగడమే కష్టమైనా ఆపలేదని స్వయంగా రాసుకున్నాడు. ఒతొమయె అనే వృద్ధ గాయనిని పిలిపించి, ఆమెను గురువుగా భావించి పాత బాణీలు నేర్చుకున్నాడు. ఆమె జబ్బుపడినప్పుడు ఆమె ఇంటికి వెళ్లి, నయం కావాలని కోరుతూ ఒక పాట పాడి వినిపించాడు. ఆ పాటలను ‘ర్యోజిన్ హిషో’ పేరుతో అతనే సంకలనం చేశాడు. అందులో కొంత భాగమే నేటికి మిగిలింది. అంత మాత్రమైనా దక్కడం జపాన్ సాహిత్యానికి పెద్ద అదృష్టం, ఎందుకంటే ఆస్థాన కవిత్వంలో వినిపించని సామాన్యుల గొంతు అందులో ఉంది.

అపోహ: ఫుజివారాల పెత్తనాన్ని కూలదోయడానికి షిరకావా వేసిన పథకమిది

ఈ కథలో సగం నిజముంది కనుకే ఇంత గట్టిగా నిలిచింది. అంతకుముందు ఫుజివారా వంశపు పెద్దలు తమ కూతుళ్లను చక్రవర్తులకు ఇచ్చి, పుట్టిన మనుమళ్లను సింహాసనం ఎక్కించి, రాజప్రతినిధులుగా పాలించేవారు. అది మాతామహుడి పెత్తనం. ఇన్సెయి వచ్చాక పెత్తనం పితామహుడి చేతికి మారింది. కానీ ఈ మార్పు షిరకావాతో మొదలు కాలేదు, అతని లక్ష్యమూ ఫుజివారాలు కారు.

దాదాపు 170 ఏళ్ల తర్వాత ఫుజివారా తల్లి లేని చక్రవర్తిగా 1068లో గద్దెనెక్కినవాడు షిరకావా తండ్రి గో-సాంజో. అతని తల్లి రాజవంశపు ఆడపడుచే. అప్పుడే మాతామహుడి పట్టు సడలింది. గో-సాంజో వారసత్వాన్ని ముందే నిర్ణయించాడు: షిరకావా తర్వాత అతని సవతి తమ్ముడు సనెహితో, ఆ తర్వాత ఇంకో తమ్ముడు సుకెహితో రాజ్యానికి రావాలి. 1085లో సనెహితో చనిపోయాడు. మరుసటి ఏడాది షిరకావా తండ్రి కోరికను పక్కన పెట్టి, ఎనిమిదేళ్ల సొంత కొడుకును యువరాజుగా ప్రకటించి, ఆ రోజే గద్దె అప్పగించాడు. అతడే హోరికావా చక్రవర్తి. అంటే షిరకావా పోటీ పడింది సవతి తమ్ముడితో. పైగా ఈ పిల్లవాడి తల్లి కెన్షి, రాజప్రతినిధి ఫుజివారా నో మొరొజానెకు దత్తపుత్రిక. ఆ పట్టాభిషేకంతో మొరొజానెకూ లాభమే కలిగింది.

అసలు మలుపు 1107లో వచ్చింది. హోరికావా చిన్న వయసులో చనిపోయి, అతని కొడుకు టోబా పసివాడుగా గద్దెనెక్కాడు. టోబా మేనమామ కిన్‌జానె, పాత సంప్రదాయం ప్రకారం రాజప్రతినిధి పదవి తనదేనన్నాడు. షిరకావా అతణ్ణి కాదని, పిల్లవాడికి మేనమామ వరస కాని, మొరొజానె మనుమడు తదాజానెను నియమించాడు. అప్పటి నుంచి ఆ పదవి మేనమామ వరస మీద కాక వంశపారంపర్యంగా వస్తూ వచ్చింది. ఆ వంశానికి అది భద్రత ఇచ్చింది, అదే సమయంలో గద్దె దిగిన చక్రవర్తి దయకు కట్టిపడేసింది. 1120లో షిరకావాకు కోపం వచ్చి, అదే తదాజానె అధికారాలను లాగేసుకున్నాడు. అయినా రాజప్రతినిధి పదవి మాయం కాలేదు. 13వ శతాబ్దంలో ఐదు శాఖలుగా చీలిన ఫుజివారా కుటుంబాలు మెయిజీ కాలపు మార్పుల దాకా ఆ పదవిని అనుభవించాయి.

అపోహ: సింహాసనం మీద ఉన్నవాడు ఎప్పుడూ కీలుబొమ్మే

పసివాళ్లు గద్దెనెక్కినప్పుడు ఇది నిజం. ఏడాది నిండకుండానే 1165లో చక్రవర్తి అయిన రొకుజో, 1168లో పదవి పోగొట్టుకుని మూడేళ్ల వయసుకే మాజీ చక్రవర్తి అయ్యాడు. యుక్తవయసు వేడుక కూడా జరగకుండా 1176లో కన్నుమూశాడు. ఇన్సెయి ఎంత నిర్దయగా పనిచేయగలదో చెప్పడానికి ఆ పిల్లవాడి బతుకు చాలు.

కానీ పెద్దవాడైన చక్రవర్తి ఊరుకునేవాడు కాదు. హోరికావా యువకుడయ్యాక రాజప్రతినిధి మొరొమిచితో కలిసి స్వయంగా పాలన చూశాడు. 1099లో మొరొమిచి చనిపోయాకే షిరకావా పట్టు బిగిసింది. గో-షిరకావా కొడుకు నిజో చక్రవర్తి తండ్రి జోక్యాన్ని నేరుగా ఎదిరించాడు. తండ్రి మనుషులను పదవుల నుంచి తొలగించి, 1165లో చనిపోయే ముందు దాకా పగ్గాలు తన చేతిలోనే ఉంచుకున్నాడు. పైగా మంత్రుల నియామకం, బిరుదుల ప్రదానం లాంటివి చక్రవర్తి పేరు మీదే జరగాలి. గద్దె దిగినవాడు తన కార్యాలయం నుంచి ఉత్తర్వులు పంపినా, రాజ్యయంత్రం కదలడానికి సింహాసనం కావలసిందే. అందుకే ఆ సింహాసనంపై తన సంతానమే ఉండాలన్న పట్టుదల.

అపోహ: గద్దె దిగిన ప్రతి చక్రవర్తికీ అధికారం దక్కేది

ఒకే కాలంలో ఇద్దరు ముగ్గురు మాజీ చక్రవర్తులు ఉండేవారు. అధికారం మాత్రం ఒక్కరిదే. అతను ఆ ఇంటి పెద్ద అయి ఉండాలి, సింహాసనం మీద ఉన్నవాడికి సాధారణంగా తండ్రో తాతో కావాలి. ఈ షరతు ఎంత కఠినమో సుతోకు కథ చెబుతుంది.

1141 చివర టోబా తన పెద్దకొడుకు సుతోకును గద్దె దిగమన్నాడు. పసివాడైన తమ్ముడు కొనోయె సుతోకుకు దత్తుడి వరస కనుక, ‘కొడుకు’కు రాజ్యం ఇస్తున్నట్లు పత్రంలో రాస్తారని సుతోకు అనుకున్నాడు. అలా రాస్తే రేపు తండ్రి హోదాలో తానే పాలించవచ్చు. తీరా చూస్తే పత్రంలో ‘తమ్ముడు’ అని ఉంది. తమ్ముడి వెనుక నుంచి అన్న ఏలే వీలు లేదు. 1155లో కొనోయె చనిపోయినప్పుడు సుతోకు కొడుకు షిగెహితోను కూడా కాదని, ఇంకో తమ్ముడు గో-షిరకావాను గద్దెనెక్కించారు. 1156లో టోబా చనిపోయిన తొమ్మిది రోజులకే రాజధానిలో యుద్ధం జరిగింది. అదే హోగెన్ తిరుగుబాటు. ఓడిన సుతోకును షికోకు దీవిలోని సనుకికి పంపేశారు. 1164లో అక్కడే మరణించాడు. సుతోకు నిజానికి షిరకావాకు పుట్టినవాడనీ, అందుకే టోబాకు గిట్టలేదనీ చెప్పే ప్రసిద్ధ కథకు ఆధారం దశాబ్దాల తర్వాత కూర్చిన ఒక కథా సంకలనం. టోబా ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి ఆ వదంతి అక్కర్లేదు; ప్రియమైన రాణి బిఫుకుమోన్-ఇన్ కొడుకైన కొనోయె మీద మమకారం, వారసత్వ రాజకీయం సరిపోతాయి.

దీనికి తలకిందులైన ఉదాహరణ 1221లో కనిపిస్తుంది. ఆ ఏడాది గో-టోబా యుద్ధంలో ఓడాక మాజీ చక్రవర్తులు ముగ్గురినీ దూర ప్రాంతాలకు పంపేయడంతో ఇంటి పెద్ద స్థానం ఖాళీ అయింది. గో-టోబా అన్న మొరిసదా అప్పటికి దీక్ష తీసుకున్నవాడు, ఏనాడూ గద్దెనెక్కనివాడు. అతని కొడుకు గో-హోరికావాను చక్రవర్తిని చేసి, తండ్రికి మాజీ చక్రవర్తి హోదా కట్టబెట్టారు. ఒక్కరోజు కూడా సింహాసనం మీద కూర్చోకుండా 1223లో చనిపోయేదాకా అతను ఇన్సెయి నడిపాడు. ఈ పద్ధతికి కిరీటం కన్నా పితృత్వం ముఖ్యమని చెప్పడానికి ఇంతకు మించిన రుజువు దొరకదు.

అపోహ: వీరు ప్రైవేటు భూములకు విరోధులు

పన్ను మినహాయింపు పొందిన షోయెన్ భూములను పరిశీలించడానికి గో-సాంజో 1069లో ఒక కార్యాలయం పెట్టిన మాట నిజం. కానీ టోబా కాలానికి ఆ భూములు అందరికన్నా ఎక్కువగా చేరింది మాజీ చక్రవర్తి కుటుంబానికే. బలమైన రక్షణ కోరి స్థానిక భూస్వాములు వాటిని సమర్పించుకునేవారు. టోబా, బిఫుకుమోన్-ఇన్‌ల కూతురు హచిజో-ఇన్ పేరిట చేరిన ఎస్టేట్‌లు కాలక్రమంలో 200 దాటాయి. పెళ్లి చేసుకోని రాజకుమార్తెల చేతిలో ఆస్తి ఉంచితే అది ఇల్లు దాటి పోదు. ఆస్థాన స్త్రీలకు రాజకీయంలో పాత్ర లేదనే మాట కూడా ఇక్కడే తేలిపోతుంది.

ఈ సంపద మందిరాలుగా నిలిచింది. షిరకావా కట్టించిన హొష్షోజి మందిరంలో 1083లో లేచిన తొమ్మిది అంతస్తుల అష్టకోణ గోపురం ఎత్తు సుమారు 80 మీటర్లు. 1342లో అది కాలిపోయింది. ఆ చోట ఇప్పుడు క్యోటో నగర జంతు ప్రదర్శనశాల ఉంది. మందిరం కట్టించిన రాష్ట్ర పాలకుడికి పదవి పొడిగింపో, హోదాయో దక్కేది. తైరా నో తదామొరి అనే యోధుడు 1,001 కన్నోన్ విగ్రహాలతో టోబాకు మందిరం కట్టించి రాజసభలో ప్రవేశం సంపాదించాడు. అతని కొడుకు కియొమొరి 1164లో గో-షిరకావాకు అలాంటిదే కట్టించాడు. కాలిపోయాక 1266లో మళ్లీ లేచిన ఆ సంజూసంగెన్‌దోను నేటికీ క్యోటోలో చూడవచ్చు.

అపోహ: సమురాయ్‌ల రాకతో ఇన్సెయి అంతమైంది

యోధులను పెంచింది మాజీ చక్రవర్తులే, వారి చేతిలో దెబ్బ తిన్నదీ వారే. 1179లో కియొమొరి సైన్యంతో వచ్చి గో-షిరకావాను టోబా భవనంలో నిర్బంధించాడు. 1181లో కియొమొరి చనిపోగా, వృద్ధుడైన గో-షిరకావా మళ్లీ పగ్గాలు పట్టి, కామకురాలో కొత్తగా లేచిన మినమొతో నో యొరితొమోతో బేరాలు సాగించాడు. 1221లో గో-టోబా కామకురాలోని సైనిక ప్రభుత్వమైన షోగునేట్ మీద యుద్ధం ప్రకటించి నెల తిరగకుండా ఓడిపోయాడు. 1239లో ఓకి దీవిలోనే చనిపోయాడు. ఆ ఓటమి తర్వాత కూడా ఇన్సెయి ఆగలేదు. 1246 నుంచి మాజీ చక్రవర్తి గో-సాగా షోగునేట్ సలహాతో ఐదుగురు సభ్యుల మండలిని పెట్టుకుని, భూమి తగాదాలు క్రమంగా విచారించాడు. న్యాయ నిర్వహణ పరంగా చూస్తే ఈ దశ షిరకావా కాలం కన్నా పద్ధతైనది. 1321లో మాజీ చక్రవర్తి గో-ఉదా పక్కకు తప్పుకుని కొడుకు గో-దయిగోకు పాలన అప్పగించాడు. ఆ తర్వాత రాజదర్బారు రెండుగా చీలినప్పుడు కూడా ఉత్తర దర్బారులో ఈ సంప్రదాయం సాగింది, కానీ రాజ్యాధికారం షోగున్‌ల చేతికి పోయింది.

పదవీత్యాగాలు మాత్రం కొనసాగాయి. 1817లో గద్దె దిగిన కోకాకు తర్వాత చాలా కాలం ఎవరూ దిగలేదు, 1889 నాటి రాజవంశ చట్టం అందుకు దారి మూసేసింది. 2017లో చేసిన ప్రత్యేక చట్టం ప్రకారం అకిహితో 2019 ఏప్రిల్ 30న పదవీత్యాగం చేసినప్పుడు, ఇన్సెయి కాలంలో వాడిన జోకో బిరుదునే ఆయనకు ఇచ్చారు. పాలనలో ఆ బిరుదుకు ఇప్పుడు ఏ అధికారమూ లేదు.