దుమ్ముగూడెం చర్చి నుంచి చూస్తే: క్రైస్తవులు ఐక్యత కోసం ఎందుకు దుఆ చేస్తారు?

ప్రతి ఏడాది జనవరి 18 నుంచి 25 వరకు చాలా దేశాల్లో క్రైస్తవులు "ఐక్యతా ప్రార్థనల వారం" జరుపుతారు. 1908లో అమెరికాలో మొదలైంది. వాళ్లది ఒకే దేవుడు, ఒకే బైబిల్ కదా, మళ్లీ ఐక్యత కోసం వేరే ప్రార్థన ఏంటని మన ఇళ్లల్లో అడుగుతుంటారు. మన దగ్గర మసలకుల సంగతి తెలిసినవాళ్లకి ఇది అర్థం కావడం కష్టమేమీ కాదు.

గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంనే తీసుకుందాం. 1860ల్లో ఇక్కడ ఆనకట్ట, కాలువ పనులు చూస్తున్న ఇంగ్లీషు ఇంజనీరు హేగ్ చొరవతో కోయల మధ్య క్రైస్తవ ప్రచారం మొదలైంది. 1870ల నుంచి జాన్ కెయిన్ అనే మిషనరీ దశాబ్దాల పాటు ఇక్కడే ఉండి కోయ భాష మీద పనిచేశాడు. ఇది ఆంగ్లికన్ మిషన్. అటు మెదక్‌లో మెథడిస్టులు, గుంటూరులో లూథరన్లు, నెల్లూరు, ఒంగోలులో బాప్టిస్టులు. ఏ ఊరికి ఏ మిషన్ ముందు వస్తే ఆ ఊరివాళ్లు ఆ చర్చివాళ్లయ్యారు. అంటే యూరప్‌లో ఎప్పుడో పడ్డ తగాదాలు గోదావరి అడవిలో వారసత్వంగా వచ్చాయన్నమాట.

దీన్ని గట్టిగా ప్రశ్నించినవాడు వి.ఎస్. అజరయ్య. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. దుమ్ముగూడెం కూడా తర్వాత ఆ డయోసిస్ కిందికే వచ్చింది. 1919 మేలో తరంగంబాడిలో ఆయనా, మిగతా చర్చిల పాస్టర్లూ కూర్చుని, ఈ చీలికలు మేం చేసుకున్నవి కావు, బయట నుంచి వచ్చిపడ్డవి అన్నారు. (నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌లో ఆయన కట్టించిన కెథడ్రల్‌లో గుడి స్తంభాల తీరు, మసీదు గుమ్మటాల తీరు రెండూ కనిపిస్తాయి. అటు వెళ్తే చూడండి.)

మాటలు మొదలుపెట్టాక కలవడానికి 28 ఏళ్లు పట్టింది. అడ్డంకి ఎక్కడంటే, బిషప్ చెయ్యి పెట్టి నియమించని పాస్టర్ ఇచ్చే ప్రభురాత్రి భోజనం చెల్లుతుందా? "ఆ ఇమాం వెనక నమాజు అవుతుందా" అని మన దగ్గర నడిచే వాదం లాంటిదే. చివరికి ఒక దారి దొరికింది. ఉన్న పాస్టర్లందరినీ ఒప్పుకోవాలి, కొత్తవాళ్లని బిషప్పులే నియమించాలి, ఇష్టం లేని సంఘం మీద ఎవరినీ రుద్దకూడదు. సర్దుకోవడానికి 30 ఏళ్ల గడువు. ఎవరినీ తప్పన్లేదు, అదే ఇందులో తెలివైన పని అనిపిస్తుంది నాకు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే మన ఊళ్లలో సి.ఎస్.ఐ. అని పిలిచేది, ఏర్పడింది. అజరయ్య అది చూడలేదు, 1945 జనవరి 1న చనిపోయారు.

లూథరన్లు, బాప్టిస్టులు మాత్రం అందులో చేరలేదు. కేథలిక్కులు ఎలాగూ వేరే. 1968 నుంచి ఈ వారం ప్రార్థనల పాఠాన్ని వాటికన్, ప్రపంచ చర్చిల మండలి కలిసి తయారుచేస్తున్నాయి. 2013లో ఆ పని భారతదేశ క్రైస్తవ విద్యార్థులకి వచ్చింది, వాళ్లు దళితుల మీద జరిగే అన్యాయాన్ని ముందు పెట్టారు. చర్చిలోనే కులం గీత ఉంటే ఐక్యత ఎక్కడిది అన్నది వాళ్ల ప్రశ్న.

ఈ వారంలో వేర్వేరు చర్చిలవాళ్లు ఒకచోట కూర్చుంటారు, వాక్యం చదువుతారు, ప్రార్థన చేస్తారు. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్ల మధ్య ప్రభురాత్రి భోజనం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇప్పటికీ ఎవరి చర్చి వాళ్లదే.