కేతిగాడి నోరు

బ్రిటన్‌లో ఐటీవీ 2001 నుంచి 2004 దాకా ‘2డీటీవీ’ అనే కదిలే బొమ్మల అధిక్షేప ప్రహసనాలు ప్రసారం చేసింది. బ్లెయిర్, బుష్ వంటి ఏలికలను బొమ్మలుగా గీసి నవ్వులపాలు చేసింది. రామచంద్రపురంలో నా విద్యార్థులకు ఈ ప్రక్రియను వివరించాలంటే నేను కేతిగాణ్ణే పిలుస్తాను.

సామర్లకోట దగ్గరి మాధవపట్నం కళాకారుల తోలుబొమ్మలాటలో రామాయణ కథ సాగుతుండగా కేతిగాడు, బంగారక్క తెరమీదికి దూరి ఊరి సంగతులెత్తుకుంటారు. మనిషి అంటే తగాదా అయ్యే మాట బొమ్మ అంటే నవ్వవుతుంది. అధిక్షేపానికి బొమ్మ ఇచ్చే రక్షణ అదే.

వీళ్ళ మాటల్లో బూతు ఉంది, కాదనను. కాని ఆ సాకుతో కేతిగాణ్ణి తొలగించి రాముణ్ణొక్కణ్ణే నిలపాలనే సంస్కర్తలతో నాకు పేచీ. బూతుతోపాటు నిలదీసే నోరూ పోతుంది. టెలివిజన్ బొమ్మ తన ఏలికకు ఎదురుపడదు. కేతిగాడి ముందు వరుసలో, ఆటకు డబ్బిచ్చిన మోతుబరే కూర్చునేవాడు.