ఒంటరి స్త్రీకి పీటవేసిన భోజనశాల

ఓరుగల్లు సింహాసనము నధిష్ఠించిన రాణి కీర్తి ఐరోపాఖండమున కెక్కినది ఫ్రెంచి భాషలోనని చెప్పినచో మన ఊరివారిలో పలువురికి ఆశ్చర్యము కలుగును. 1298లో జెనోవా చెరసాలలో మార్కోపోలో చెప్పుచుండగా రుస్తికెల్లో అను రచయిత ఇటాలియను ఛాయలు గల ప్రాచీన ఫ్రెంచి భాషలో వ్రాసిన యాత్రాగ్రంథమున, మోటుపల్లి సీమ నేలుచు ప్రజలను న్యాయముతో పాలించిన ఒక రాణి ప్రశంస కలదు. ఆమె మన రుద్రమదేవియే యని చరిత్రకారుల అభిప్రాయము. ఆ రాణి ఏలిన నేలనుండి నేడు చదువు నిమిత్తమో ఉద్యోగ నిమిత్తమో దేశాంతరములకేగు ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. కాని చూడవలెనను కోరికయే కారణముగా, తోడెవ్వరును లేక, ఒక స్త్రీ ఫ్రాన్సు దేశమునకు పోయి వచ్చినదన్నచో హనుమకొండలో మొదట వినవచ్చు ప్రశ్న "ఒక్కదానివే పోయినవా?" అనునది, రెండవది "అక్కడ ఏం తిన్నవు?" అనునది. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము ఒకేచోట, ఫ్రెంచివారి భోజనశాలలో, నాకు దొరకినది.

ఫ్రెంచివారికి భోజనము ఆకలి తీర్చుకొను పని మాత్రమే కాదు. దానికొక వేళ, ఒక క్రమము, ఒక మర్యాద కలవు. మధ్యాహ్నము పండ్రెండు మొదలు రెండు గంటల వరకును, రాత్రి ఏడు దాటిన పిమ్మటను తప్ప చాలా భోజనశాలలలో పొయ్యి వెలుగదు. మూడు గంటలకు భోజనమడుగబోయినవారు కాఫీతో తృప్తిపడవలసినదే. లోపల అడుగిడగానే "బోంజూర్" అని పలుకరింపవలెను; పలుకరింపక పని చెప్పుట అక్కడ పెద్ద అమర్యాద. పిదప తొలివడ్డన, ప్రధాన వంటకము, చీజు, తీపి ఒకదాని వెనుక నొకటి వచ్చును. రొట్టెముక్కలకును, కూజాతో తెచ్చిపెట్టు కుళాయి నీటికిని వేరుగా వెల కట్టరు. ఆప్తుల జీవితములందలి ముఖ్యఘట్టములను ఇట్లు కలిసి భుజించి జరుపుకొను ఆచారమును 2010లో యునెస్కో మానవజాతి వారసత్వములలో నొకటిగా గుర్తించినది. అయితే నాకు అంతకంటె విలువైనదిగా తోచినది వేరొకటి. పదిమందితో కలిసి తినుటకై రూపొందిన ఆ క్రమమును ఒంటరిగా వచ్చిన స్త్రీకి కుదింపరు. ఆమెకును అదే వడ్డన, అదే తీరుబడి. కిటికీ ప్రక్కన కూర్చుండి, పుస్తకము తెరచుకొని, గంటన్నర సేపు భుజించినను, ఆమె అడుగువరకు బిల్లు తెచ్చి ముందుంచుట మర్యాద కాదని వారి భావము. తోడు లేకపోవుట అక్కడ లోపముగా ఎంచబడుట నేను చూడలేదు.

ఈ స్వేచ్ఛ ఫ్రెంచి స్త్రీలకు అయాచితముగా లభించినది కాదు. పారిసులో ఆడవారు పురుషవస్త్రములు ధరింపవలెనన్న పోలీసుల అనుమతి పొందవలెనని 1800లో పుట్టిన ఉత్తరువు ఇక చెల్లదని ప్రభుత్వము ప్రకటించినది 2013లో. నవలారచయిత్రి జార్జ్ సాండ్ ఆ ఉత్తరువును లెక్కింపక, మగవేషమున పారిసు వీథులలో తిరిగి, స్త్రీలకు ప్రవేశము లేని నాటకశాలల చవుక వరుసలలో కూర్చుండెడిది. ఓటుహక్కు 1944లోను, భర్త అనుమతి లేక ఉద్యోగము చేయుటకును బ్యాంకులో ఖాతా తెరచుటకును హక్కు 1965లోను చేజిక్కినవి.

లియాన్ నగరమునకు పోవు స్త్రీ, ఆ హక్కులింకను లేని నాడే కీర్తి గడించిన యూజెనీ బ్రాజియే పేరు తప్పక తెలిసికొనవలెను. 1895లో పల్లెపట్టున జన్మించి, చిన్ననాడే తల్లిని పోగొట్టుకొని, ఇంటిపనులు చేసికొని బ్రతుకుటకు లియాన్ చేరిన ఆ స్త్రీ, ఇతరుల వంటయిండ్లలో పని నేర్చి, 1921లో స్వంత భోజనశాల తెరచినది. 1933లో, భోజనశాలల యోగ్యతను నక్షత్రములతో సూచించు మిషెలిన్ గ్రంథము ఆమె నగరమున నడుపుచున్న దానికిని, ఊరివెలుపలి కొండమీది దానికిని చెరి మూడు నక్షత్రముల నిచ్చినది. అంతకంటె ఉన్నతమైన గుర్తింపు ఆ గ్రంథమున లేదు. తరువాత వంటలో విశ్వవిఖ్యాతుడైన పోల్ బొక్యూజ్ ఆమె వంటశాలలో పనినేర్చినవాడే. లియాన్ ప్రజలు ఇట్టి స్త్రీలను అమ్మ యని పిలిచెడివారు. మన పూటకూళ్లమ్మలును ఇట్టివారే కదా! వారి చేతి రుచిని పొగడినవారు వారి పేర్లను వ్రాసిపెట్టకపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది.

ఇక శాకాహారుల సంగతి. ఉల్లిగడ్డ సూపు అను పేరు విని నమ్మరాదు. అది సాధారణముగా గోమాంసపు రసముతో కాచినది. లోరేన్ కీష్ అను వంటకములో పందిమాంసపు ముక్కలుండును. చీజులలో పెక్కింటిని దూడ కడుపునుండి తీసిన పదార్థముతో పాలు విరిచి చేయుదురు. సిగ్గుపడక అడిగి తెలిసికొనవలెను. దక్షిణమున నీస్ నగరము చేరినచో ఈ కష్టము చాలవరకు తీరును. వంకాయలు, టమాటాలు, బుంగ మిరపకాయలు ఆలివ్ నూనెలో మగ్గించిన రటటూయ్ అక్కడిదే. శనగపిండిని నీటిలో కలిపి, ఆలివ్ నూనె చేర్చి, వెడల్పైన రాగిపళ్లెరమున పోసి, కట్టెలపొయ్యిలో కాల్చి, మిరియాలపొడి చల్లి యిచ్చు సోకా అను అట్టు తిన్నప్పుడు నా నాలుకకు పరాయితనము తోచలేదు. రొట్టెనైతే నిర్విచారముగా తినవచ్చును: 1993 నాటి శాసనము ప్రకారము "సంప్రదాయ" రొట్టెను ఘనీభవింపజేయరాదు, కృత్రిమ ద్రవ్యములు కలుపరాదు. బాగెట్ అను ఆ పొడవాటి రొట్టె చేయు నేర్పును 2022లో యునెస్కో గౌరవించినది.

ఇక భోజనము మాట అటుంచి, పారిసు చూడబోవువారికి రెండు జాగ్రత్తలు. 1793లో ప్రజలకు తలుపులు తెరచిన అక్కడి లూవ్ర్ ప్రదర్శనశాల మంగళవారము మూసియుండునని గుర్తుంచుకొనవలెను. మెట్రో రైళ్లలో చేతిసంచిని ముందువైపు పట్టుకొనుట మంచిది. జేబుదొంగల బెడద ఆడవారికే కాదు, అందరికిని కలదు.

అంతదూరము పోవుటకు ధనమో ధైర్యమో చాలనివారు 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన తెలుగు పట్టణము యానామును మొదట చూడవచ్చును. ఓరుగల్లున రైలెక్కి సామర్లకోటలో దిగి, కాకినాడ మీదుగా పోవలెను. ఫ్రెంచి వంటకముల కొరకు కాదు, ఒంటరి ప్రయాణము అలవాటగుటకు.

హనుమకొండ, కాజీపేటల హోటళ్లవారికి నా విన్నపమొక్కటే: ఒంటరిగా వచ్చిన స్త్రీని "ఇంకెవరు వస్తరు?" అని అడుగకుడు, ఫ్యామిలీ గదికి పంపకుడు, వెలుతురున్న చోట కూర్చుండబెట్టి, నిదానముగా తిననిండు. చదువరులైన అక్కచెల్లెండ్రారా, పారిసు సంగతి పిమ్మట చూడవచ్చును. ముందు మన ఊరిలోనే ఒకనాడు ఒక్కరుగా పోయి, కడుపునిండ భోంచేసి రండు.