రాజ్యాంగంలో వ్యక్తి స్వేచ్ఛ

భారత రాజ్యాంగంలో స్వేచ్ఛ ప్రస్తావన చాలాచోట్ల ఉంది. 19వ అధికరణ పౌరులకు మాట్లాడే, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే, సంఘాలు పెట్టుకునే, దేశమంతా తిరిగే, నచ్చినచోట స్థిరపడే, నచ్చిన వృత్తి చేసుకునే స్వేచ్ఛలిచ్చింది. 21వ అధికరణ పౌరులకే కాదు, ఈ దేశంలో ఉన్న విదేశీయులకూ వర్తిస్తుంది. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ, వ్యక్తి స్వేచ్ఛనూ హరించరాదని దాని సారాంశం. ఆ వ్యక్తి స్వేచ్ఛ అంటే ఏమిటన్నదే దశాబ్దాలపాటు నలిగిన ప్రశ్న.

1950లో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ ముందస్తు నిర్బంధాన్ని సవాలు చేసినప్పుడు, చట్టసభ చేసిన చట్టం ఉంటే చాలు, అది న్యాయమైనదా కాదా అని విచారించనక్కర్లేదని సుప్రీంకోర్టు మెజారిటీ తేల్చింది. అలా చూస్తే స్వేచ్ఛకు మిగిలే రక్షణ చాలా తక్కువ.

ఖరక్ సింగ్ కేసు మరో మలుపు. బందిపోటు కేసులో సాక్ష్యాలు లేక విడుదలైన ఈయనపై ఉత్తరప్రదేశ్ పోలీసులు హిస్టరీ షీటు తెరిచారు. రాత్రివేళ ఇంటికొచ్చి తలుపు తట్టి లేపేవారు. ఊరు విడిచి వెళితే ఆరా తీసేవారు. 1962లో సుప్రీంకోర్టు మెజారిటీ రాత్రి తనిఖీలను కొట్టేసింది గానీ, మిగతా నిఘాను తప్పుపట్టలేదు. గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. తెలుగువాడైన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. మనిషి వెనకాలే నీడలా ఎవరో ఉంటే అతను తిరుగుతున్నా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదనీ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేననీ జస్టిస్ షాతో కలిసి భిన్నమైన తీర్పు రాశారు. సంకెళ్లు లేకపోవడమే స్వేచ్ఛ కాదన్న ఎరుక అంత స్పష్టంగా పలకడం ఆ రోజుల్లో గొప్ప విషయం.

ఎమర్జెన్సీలో పరిస్థితి మరీ దిగజారింది. అక్రమంగా నిర్బంధించినా కోర్టుకెక్కే వీలు లేదని 1976లో నలుగురు న్యాయమూర్తులు చెబితే, జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తర్వాత 44వ సవరణతో, ఎమర్జెన్సీలోనూ 21వ అధికరణ అమలును నిలిపేయడానికి వీల్లేకుండా పోయింది.

పాస్‌పోర్టు స్వాధీనం చేసుకుని కారణం చెప్పని ప్రభుత్వంపై మేనకా గాంధీ వేసిన కేసులో 1978లో గోపాలన్ నాటి ధోరణి మారింది. చట్టం ఉంటే చాలదు, దాని పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని కోర్టు చెప్పింది. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా గుర్తించి, 1976 నాటి తీర్పును తోసిపుచ్చింది. ఖరక్ సింగ్ కేసులో మైనారిటీగా మిగిలిన సుబ్బారావు వాదనే సరైనదని అంగీకరించింది.