సిలిండర్ హెడ్ విప్పకుండా ట్రాక్టరు వాల్వు స్ప్రింగుల మార్పిడి

ట్రాక్టరు ఇంజనులో ఒక వాల్వు స్ప్రింగు విరిగినా, వాల్వు కాడకు తొడిగిన ఆయిల్ సీలు గట్టిపడి చిట్లినా సిలిండర్ హెడ్‌ను పూర్తిగా విప్పడం చాలా చోట్ల అలవాటుగా ఉంది. హెడ్ విప్పాలంటే రేడియేటరు నీటిని వదలాలి. ఇంజెక్టరు పైపులను, గాలి వచ్చే, పొగ పోయే మానిఫోల్డులను తీయాలి. తిరిగి అమర్చేటప్పుడు కొత్త గాస్కెట్ వేసి, బోల్టులను నిర్దేశించిన వరుసలో టార్క్ రెంచీతో బిగించాలి. బిగింపు సమంగా లేకపోతే గాస్కెట్ దెబ్బతిని నీరు సిలిండరులోకి దిగే ప్రమాదం ఉంది. దమ్ము రోజులలో ట్రాక్టరు రెండు మూడు రోజులు షెడ్డులో నిలిచిపోవడం రైతుకు గాస్కెట్ ఖర్చు కంటే పెద్ద నష్టం. నిజానికి స్ప్రింగు, సీలు, వాటిపై ప్లేటు, దానిని పట్టి ఉంచే రెండు లాకులు అన్నీ హెడ్ పైభాగంలో, ట్యాపెట్ కవరు కిందనే ఉంటాయి. లాకులు తీసినప్పుడు వాల్వు సిలిండరులోకి జారకుండా ఆపగలిగితే హెడ్‌ను కదిలించవలసిన అవసరం లేదు.

డీజిల్ ఇంజనులోని అనుకూలత

డీజిల్ ఇంజనులో ఇంధనం మండడానికి కావలసిన వేడి గాలిని గట్టిగా కుదించడం వలన వస్తుంది. ఆ కుదింపు కోసం, పిస్టన్ పై చివరకు చేరినప్పుడు దానికీ హెడ్ అడుగు భాగానికీ మధ్య చాలా తక్కువ ఖాళీ ఉండేలా ఇంజనును నిర్మిస్తారు. ట్రాక్టరు ఇంజన్లలో వాల్వులు సాధారణంగా నిలువుగా ఉంటాయి. కాబట్టి పిస్టన్ పై చివరన, అంటే మెకానిక్కులు టీడీసీ అనే స్థానంలో ఉన్నప్పుడు స్ప్రింగు తీసినా, వాల్వు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే దిగి పిస్టన్ తలపై ఆగిపోతుంది. ఈ పనికి పిస్టనే ఆధారం.

పెట్రోలు ఇంజన్లలో ఈ సౌలభ్యం అంతగా ఉండదు. వాటిలో కుదింపు తక్కువ, దహన గది లోతు ఎక్కువ, వాల్వులు తరచుగా ఏటవాలుగా ఉంటాయి. అందుచేత స్పార్క్ ప్లగ్ రంధ్రం గుండా శుభ్రమైన నైలాన్ తాడును లోపలికి పంపి, పిస్టన్‌ను పైకి తెచ్చి ఆ తాడు వాల్వులను ఒత్తిపట్టేలా చేస్తారు. లేదా కంప్రెషరు గాలిని సిలిండరులో నింపి వాల్వులను నిలుపుతారు. గాలి పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. పిస్టన్ సరిగ్గా పై చివరన లేకపోతే గాలి దానిని ఒక్కసారిగా కిందికి నెడుతుంది. క్రాంకు నట్టుపై స్పానరు వదిలివేసి ఉంటే అది గిర్రున తిరిగి చేతిని విరగ్గొట్టగలదు. పైగా ఇంజెక్టరు రంధ్రానికి సరిపోయే గాలి గొట్టం పల్లె షెడ్డులలో అరుదు. ట్రాక్టరుకు పిస్టన్ ఆధారమే సులువైనది. అయితే పిస్టన్ తలలో వాల్వుల కోసం లోతైన గుంటలు ఉన్న ఇంజన్లకు ఇది పనికిరాదు కనుక సర్వీసు మాన్యువల్‌ను ముందుగా చూడాలి. గాలితో చల్లబడే కొన్ని ఇంజన్లలో ప్రతి సిలిండరుకు విడి హెడ్ ఉంటుంది. అక్కడ హెడ్ విప్పడమే తేలిక.

పొగకు సీలే కారణమా?

స్ప్రింగు విరిగితే ట్యాపెట్ల దగ్గర చప్పుడు, ఒక సిలిండరు సరిగా పనిచేయకపోవడం కనిపిస్తాయి. కవరు విప్పితే విషయం తెలిసిపోతుంది. నీలిరంగు పొగ విషయంలోనే ఎక్కువగా పొరపడతారు. డీజిల్ ఇంజనులో పెట్రోలు ఇంజనుకు ఉండే థ్రాటిల్ ఉండదు గనుక గాలి దారిలో పీల్పు తక్కువ. వాల్వు కాడ వెంట ఆయిల్ లోపలికి దిగడమూ ఆ మేరకు తక్కువే. రాత్రంతా ఆగిన ఇంజను స్టార్టు చేయగానే నీలిపొగ వచ్చి కాసేపటికి తగ్గితే సీలును అనుమానించవచ్చు. లోడు మీద నాగలి లాగుతున్నప్పుడు ఎడతెగక వస్తూ, ఆయిల్ పోసే మూత తీస్తే ఆవిరి బలంగా చిమ్ముతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు అరిగాయని అర్థం. అప్పుడు సీళ్లు మార్చడం వృథా.

పని జరగవలసిన తీరు

ముందుగా ఇంజను పైభాగాన్ని మట్టి లేకుండా కడిగి ఆరబెట్టాలి. బ్యాటరీ తీగ తీసివేయాలి. ట్యాపెట్ కవరు తెరిచి, రాకర్ షాఫ్టు బోల్టులను ఒక్కొక్కటి కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒక చివరనే పూర్తిగా విప్పితే స్ప్రింగుల ఒత్తిడికి షాఫ్టు వంగవచ్చు. పుష్ రాడ్లను అదే వరుసలో ఉంచుకోవాలి. పుష్ రాడ్ల రంధ్రాలను, ఆయిల్ దిగే దారులను శుభ్రమైన గుడ్డతో మూయడం మరువరాదు. గోరంత లాకు ఆయిల్ చాంబరులో పడితే, హెడ్ విప్పకుండా మిగుల్చుకున్న శ్రమ చాంబరు విప్పడానికి సరిపోతుంది.

రాకర్లు తీసిన తరువాత వాల్వులన్నీ మూసుకొని ఉంటాయి కాబట్టి ఇంజనును చేతితో తిప్పితే లోపలి గాలి ఎదురొత్తుతుంది. ఇంజెక్టర్లను తీసి ఉంచితే క్రాంకు తేలికగా తిరిగి, పెట్టిన చోట నిలుస్తుంది. ఇంజను మీది టైమింగు గుర్తు మొదటి సిలిండరు టీడీసీని చూపుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో 1, 4 పిస్టన్లు కలిసి, 2, 3 కలిసి పైకి వస్తాయి. మూడు సిలిండర్ల ఇంజనులో క్రాంకు 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఒక పిస్టన్ పై చివరకు చేరుతుంది. టీడీసీ దగ్గర క్రాంకు 5 డిగ్రీలు అటూ ఇటూ అయినా పిస్టన్ అర మిల్లీమీటరు కూడా కదలదు. కనుక వెంట్రుకవాసి కొలత అవసరం లేదు. క్రాంకును స్థానానికి తెచ్చాక గేరు వేసి, బ్రేకు లాక్ చేసి, చక్రాలకు అడ్డు పెట్టాలి. స్ప్రింగులు లేని సమయంలో క్రాంకు తిరిగితే పిస్టన్ కిందికి దిగుతుంది, వాల్వు దానివెంటే పోతుంది. ఆ తరువాత హెడ్ విప్పక తప్పదు.

ప్లేటుపై సరిపడే గొట్టం పెట్టి చిన్నగా తడితే బిగుసుకున్న లాకులు వదులవుతాయి. రాకర్ బోల్టుకు ఆనించిన లీవరుతో స్ప్రింగును నొక్కి, లాకులను అయస్కాంతంతో తీయాలి. స్ప్రింగు బలంగా ఎగరగలదు కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. లాకులు రాగానే వాల్వు కాడకు బిగుతైన రబ్బరు రింగు తొడిగితే అది రెండో కాపలా అవుతుంది.

ఈ దశలో కాడను వేళ్లతో పక్కలకు కదిలించి చూడాలి. స్పష్టంగా ఊగితే వాల్వు గైడు అరిగిందన్నమాట. అరిగిన గైడులో కొత్త సీలు ఎక్కువ కాలం నిలవదు. వాల్వు అంచు కాలి కుదింపు పోతున్నా సీటు రుద్దవలసిందే. ఈ రెండు సందర్భాలలోనూ హెడ్ విప్పించుకోవడమే సరైన నిర్ణయం.

కొత్త సీలు తొడిగే ముందు కాడకు ఆయిల్ రాసి, లాకులు కూర్చునే గాడిపై పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టితే సీలు పెదవి చిరగదు. స్ప్రింగుల పొడవును మాన్యువల్ కొలతతో పోల్చి, కుంగినవాటిని మార్చాలి. చుట్లు ఒకవైపు దగ్గరగా ఉన్న స్ప్రింగు అయితే ఆ వైపు హెడ్‌కు ఆనేలా పెట్టాలి. రబ్బరు రింగు తీసి, స్ప్రింగు నొక్కి లాకులు పెట్టాక, అవి గాడిలో పూర్తిగా కూర్చున్నాయో లేదో వెలుతురులో చూసుకొని, అప్పుడే తరువాతి సిలిండరుకు వెళ్లాలి.

అన్నీ పూర్తయ్యాక గుడ్డలు తీసి, పుష్ రాడ్లు ట్యాపెట్లలో సరిగా కూర్చున్నట్లు చూసి, రాకర్ షాఫ్టును సమంగా బిగించి, ఫీలర్ గేజితో ట్యాపెట్ సందును మాన్యువల్ ప్రకారం సరిచేయాలి. ఇంజను చల్లగా ఉన్నప్పటి కొలత, వేడిగా ఉన్నప్పటి కొలత వేరుగా ఉండవచ్చు. స్టార్టరు తాకే ముందు గేరు తీసి, క్రాంకును చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపి వెతకాలి. ఇంజెక్టర్లను కొత్త రాగి వాషర్లతో బిగించి, డీజిల్ పైపులలో గాలి తీసివేసిన తరువాతే ఇంజను స్టార్టు చేయాలి.