వకీలు సలహా ఎప్పుడు అవసరము?

గ్రామములో ఎవరికి ఏ చిక్కు వచ్చినను మొదట వచ్చునది పంచాయతీ సభ్యుని యింటికే. గట్టు తగవులు, బాకీలు, అన్నదమ్ముల పంపకములు - వీనిలో అనేకము పెద్దల మాటతో సర్దుబాటు కాగలవు. అట్టివానికై కోర్టు మెట్లెక్క నక్కరలేదు. కాని కొన్ని విషయములలో మంచిమాట మాత్రము చాలదు. న్యాయవాది సలహా పొందవలెను. అదియు వేళకు పొందవలెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనిన ప్రయోజనము లేదు.

ఒక ఉదాహరణము చూతము. ఒక వితంతువు తన బంధువునకు ప్రామిసరీ నోటుపై 50,000 రూపాయలు అప్పిచ్చినది. అతడు సంక్రాంతికి, ఉగాదికి అని వాయిదాలు వేయుచుండెను. పెద్దలును "ఇంకొక పంట వరకు ఓపికపట్టు మమ్మా" అనిరి. ఇట్లు మూడేండ్లు దాటినవి. నోటు నిజము, సంతకము నిజము. అయినను 1963వ సంవత్సరపు కాలపరిమితి చట్టము ననుసరించి ఆమె దావా చెల్లదు. గడువులోపల నోటు తిరుగ వ్రాయించినను, కొంత సొమ్ము రాబట్టి నోటు వెనుక చెల్లు వ్రాయించి, బాకీదారుని సంతకము తీసికొనినను ఆమెకు మరల మూడేండ్ల వ్యవధి లభించి యుండెడిది. మంచి తలంపుతో చెప్పిన మాటయే ఆమెకు నష్టము తెచ్చినది.

కనుక వకీలును చూడవలసిన మొదటి సమయము, సంతకము చేయుటకు పూర్వము. 100 రూపాయలు మొదలు అంతకు మించిన విలువగల భూమిని గాని, ఇంటిని గాని కొనినప్పుడు విక్రయ దస్తావేజును రిజిస్టరు చేయించి తీరవలెను. సంతకమైన నాలుగు నెలలలో దానిని రిజిస్ట్రారు కార్యాలయమున దాఖలు చేయవలెను. కేవలము పవరు పత్రము వ్రాయించుకొనినంత మాత్రమున భూమిపై హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టము చేసినది. వీలునామాకు కనీసము ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. నలుగురు కలిసి ఎరువుల దుకాణమో, ధాన్యపు మిల్లో పెట్టదలచినచో భాగస్వామ్యమును రిజిస్టరు చేయించుట మేలు. లేనిచో అరువు తీసికొనిన ఖాతాదారులపై ఆ వ్యాపారము పేర బాకీ దావా వేయుటకు వీలులేదు.

రెండవ సమయము, కాగితము ఇంటికి వచ్చినప్పుడు. కోర్టు సమను తీసికొననిచో వ్యాజ్యము ఆగునని కొందరు భ్రమపడుదురు. అది పొరపాటు. సమను అందిన 30 దినములలో జవాబు దాఖలు చేయవలెను. హాజరు కానిచో న్యాయస్థానము ఎదుటి పక్షము మాటనే విని డిక్రీ ఈయవచ్చును. భూసేకరణకు 2013 చట్టము క్రింద ప్రాథమిక ప్రకటన వెలువడినచో ఆక్షేపణలు తెలుపుటకు 60 దినముల గడువు కలదు.

మూడవది, నేరముల విషయము. హత్య, అత్యాచారము, బాల్యవివాహము వంటి వానిని జరిమానాతో సరిపుచ్చుటకు పెద్దలకు అధికారము లేదు. అరెస్టయిన వానిని, ప్రయాణకాలము గాక, 24 గంటలలోపల మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరుపవలెను. తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించు హక్కు రాజ్యాంగము 22వ అధికరణము వానికి ఇచ్చినది.

ఫీజునకు సొమ్ము లేదని వెనుదీయ నక్కరలేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద స్త్రీలకు, బాలలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, వికలాంగులకు, నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాదిని నియమింతురు. ఇతరులకు ఆదాయ పరిమితి కలదు. జిల్లా, మండల న్యాయసేవాధికార సంస్థలను ఆశ్రయింపవచ్చును. 15100 నంబరుకు ఫోను చేయవచ్చును. కోర్టులోనున్న వ్యాజ్యము లోక్ అదాలత్తులో రాజీ అయినచో కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. ఆ తీర్పు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

వకీలు వద్దకు పోవునప్పుడు దస్తావేజులన్నియు తీసికొనిపోవలెను. తనకు ప్రతికూలమైన సంగతులను సైతము దాచరాదు. అసలు కాగితములకును, ఇచ్చిన ఫీజునకును రశీదు పొందవలెను. తెల్ల కాగితముపై ఎన్నడును సంతకము చేయరాదు.

పంచాయతీ సభ్యులకు మా మనవి ఒక్కటే. కాగితము పట్టుకొని ఎవరు వచ్చినను తగవులోని మంచిచెడ్డలు విచారించుటకు ముందు దానిపైనున్న తేదీని చూడుడు. గడువు సమీపించినచో ఆనాడే వకీలు వద్దకు పంపుడు. రాజీ మాటలు ఆ పిదపను సాగింపవచ్చును. దాటిపోయిన గడువును మాత్రము ఏ పెద్దమనిషియు తిరిగి తేలేడు.